నూనె సీసా మీద నమ్మకం చాలదు, నోటుబుక్కు కావాలె



మన క్యాంపులో ఏ రూముకైనా పొండి. మంచం పక్కన మేకుకు వేలాడే సంచిలో చెయ్యి పెడితే ఒక బామ్ డబ్బా, ఒక నీలగిరి తైలం సీసా, ఒక రోలాన్, ఎవరిదో ఒకరిది అత్తరు దొరుకుతయి. నడుం నొస్తే అదే, తల నొస్తే అదే, జలుబు చేస్తే అదే, ఇంటి మీద బెంగ పెట్టుకుంటే కూడా అదే. ఊరికి పోయేటప్పుడు కార్టన్‌లో మొదట సర్దేది కూడా అవే. ఇన్నేండ్ల నుంచి రోజూ వాడే వస్తువు గురించి మనకు తెలిసింది ఎంత? ఎవడో చెప్పింది, వాట్సప్‌లో వచ్చింది, అమ్మెటోడు అన్నది. అంతే.

నా మాట ఒక్కటే. ఈ వాసన నూనెలను మొత్తానికే కొట్టిపారెయ్యొద్దు, గుడ్డిగా నమ్మొద్దు. సైటు పని నేర్చుకున్నట్టే నేర్చుకోవాలె, డైలీ రిపోర్టు రాసినట్టే రాసుకోవాలె. ఇది ఒక నెలలో అయిపోయే చదువు కాదు.

దీన్ని అరోమాథెరపీ అంటరు. ఆ పేరు పెట్టింది ఫ్రాన్స్ దేశపు కెమిస్టు రెనె మారిస్ గాట్‌ఫోసె. 1937లో ఆ పేరుతోనే పుస్తకం వేసిండు. పేరు కొత్తది గానీ పని పాతది. మన తెలుగోళ్లకైతే దీంట్లో పెద్దమనిషే ఉన్నడు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టిండు. ఆయన కూడా పొట్ట చేతబట్టుకొని పరాయి ఊరికి పోయినోడే. ఆ బామ్ మీద వచ్చిన పైసలతోనే 1908లో ఆంధ్రపత్రిక పెట్టిండు. నూనె డబ్బా, అక్షరం రెండూ ఒకే చేతి నుంచి వచ్చినయి. అందుకే నూనె వాడెటోడు రాయడం కూడా నేర్చుకోవాలె అంటున్న.

ఇప్పుడు మన ప్రాణానికి సంబంధించిన మాట చెప్త. బామ్ రాస్తే చల్లగా ఎందుకు అనిపిస్తది? దాంట్లో మెంథాల్ ఉంటది. మన చర్మం కింద చలిని కనిపెట్టే నరాల కొసలు ఉంటయి. మెంథాల్ వాటిని తట్టి లేపుతది. చలి లేకున్నా చలి వచ్చింది అని అవి మెదడుకు కబురు పంపుతయి. ఈ వేడి, చలి తెలిసే సంగతి కనిపెట్టినందుకే 2021లో ఇద్దరు సైంటిస్టులకు నోబెల్ బహుమతి ఇచ్చిండ్రు. వాళ్లు చలిని పట్టే ఆ తాళాన్ని వెతకడానికి మెంథాల్‌నే వాడిండ్రు. అంటే ఏంది? మెంథాల్ మనకు చల్లదనం చూపిస్తది గానీ ఒంట్లో వేడిని తియ్యదు. మీటరు ముల్లు కిందికి గుంజితే ట్యాంకులో నీళ్లు తగ్గుతయా?

ఇది ఎండల పని చేసే మనకు చిన్న విషయం కాదు. ఇక్కడ ఒమన్‌లో జూన్, జులై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 దాకా బయట పని బంద్ చెయ్యాలని రూలు ఉన్నది. కానీ ఎండ 12:30కే మొదలు కాదు, 3:30కే పోదు. పదకొండు గంటలకు తల తిరుగుతుంటే నుదుటికి, మెడకు బామ్ రుద్దుకొని మళ్లా షట్టరింగ్ ఎక్కే తమ్ముళ్లను నేను చూస్తనే ఉన్న. చల్లగా అనిపిస్తది, పని నడుస్తది. లోపల వేడి మాత్రం ఎక్కుతనే ఉంటది. వడదెబ్బ అంటే ఒంటి వేడి 40 డిగ్రీలు దాటడం. మనిషి తికమకగా మాట్లాడుతడు, అడుగు తడబడుతది, పడిపోతడు. అప్పుడు సీసా వాసన చూపించుకుంట కూర్చోవద్దు. నీడకు తియ్యాలె, బట్టలు వదులు చెయ్యాలె, ఒళ్లంతా నీళ్లు పోసి విసరాలె, మెడకు, చంకలకు ఐసు పెట్టాలె, 9999కు ఫోన్ కొట్టాలె. నా గ్యాంగులో ఎండాకాలం ఒకటే మాట చెప్త: బామ్ రాసుకునే అంత తలనొప్పి వస్తే ముందు నాకు చెప్పు, నీళ్లు తాగి నీడకు పో, తరువాతనే డబ్బా మూత తియ్యి.

రెండోది లుబాన్. మత్రా సూక్‌లో అడుగు పెడితే ఆ పొగ వాసనే స్వాగతం చెప్తది. ఒమన్‌కు లుబాన్ అంటే మన ఊరికి వరి ఉన్నట్టు. సలాలా వైపు ధోఫార్ కొండల్లో ఆ చెట్టు బెరడు గీకితే పాలు కారి గడ్డకడతయి, దాన్ని ఏరుతరు. ఆ చెట్లున్న లోయ, పాత ఓడరేవులు కలిపి యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వం కింద రాసుకున్నది. మన అడవుల్లో అందుగు చెట్టు ఉన్నది చూడండి, అది దీనికి దాయాది.

ఈ లుబాన్ నూనె మీద నడిచే వ్యాపారం చూస్తే కడుపు మండుతది. కీళ్ల వాపు పోతది, క్యాన్సర్ పోతది అని చిన్న సీసాకు పది రియాల్లు గుంజుతున్నరు. ఇక్కడ కొంచెం పని తెలిసినోని లెక్క ఆలోచిద్దాం. నూనె ఎట్లా తీస్తరు? ఆవిరి పట్టించి తీస్తరు. ఆవిరితో పాటు పైకి లేచే తేలిక సరుకే నూనె అయితది. కీళ్ల వాపు మీద సైంటిస్టులు పరీక్షలు చేస్తున్నది ముఖ్యంగా ఆ జిగురులో ఉండే బోస్‌వెల్లిక్ ఆసిడ్ల గురించి. అవి బరువైన సరుకు, ఆవిరితో లేవవు, బట్టీలో అడుగుననే ఉండిపోతయి. జిగురు గురించి రాసిన మాట చూపించి నూనె సీసా అమ్మడం అంటే స్టీలు టెస్టు రిపోర్టు చూపించి కంకర దించినట్టు. క్యాన్సర్ మాట అయితే ఎవడన్నా చెప్పినా ఆ మనిషిని గుమ్మం దాటనియ్యొద్దు.

మరి పనికొచ్చేది ఏం లేదా అంటే ఉన్నది. పిప్పర్‌మెంటు నూనె పదో వంతు కలిపిన మందును నుదుటికి రాస్తే బిగుసుకున్న తలనొప్పి తగ్గుతదని జర్మనీలో పరీక్ష చేసి చూసిండ్రు. లవంగ నూనెలో యూజినాల్ ఉంటది, అది పన్ను నొప్పిని మొద్దుబారుస్తది, దంతాల డాక్టర్లు కూడా దాన్ని వాడుతరు. కానీ నొప్పి ఆగింది అంటే పుచ్చు ఆగినట్టు కాదు. సేఫ్టీ షూలో పన్నెండు గంటలు కాళ్లు నానితే వేళ్ల సందుల్లో ఒరుస్తది కదా, దానికి టీట్రీ నూనె కొంత దురద తగ్గిస్తది. ఫంగస్ చావాలంటే మాత్రం మందుల షాపు క్రీమే కావాలె, పొడి సాక్సులు కావాలె.

కలపడం దగ్గర కూడా లెక్క ఉన్నది. కాంక్రీటుకు సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు చూసెటోనివి, నూనె దగ్గర అందాజకు పోస్తవా? సుమారు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. రెండు శాతం కావాలంటే 30 మిల్లీ కొబ్బరి నూనెలో 12 చుక్కలు. అసలు నూనె నేరుగా చర్మం మీద రాస్తే కొందరికి మంట, దద్దు లేస్తది. చర్మం మీద పూసే నిమ్మ జాతి నూనెలతో ఇంకో గండం ఉన్నది. పిండి తీసిన నిమ్మ నూనె, బెర్గమాట్ నూనె రాసుకొని ఎండలోకి పోతే చర్మం కాలి నల్లమచ్చలు పడతయి. ఆఫీసులో కూర్చునెటోనికి అది పెద్ద ముచ్చట కాదు, మనకు పెద్దదే. ఎనిమిది మంది పండే రూములో ఏసీ వేసి, తలుపు మూసి లుబాన్ పొగ పెట్టడం కూడా తప్పే. నీకు హాయి, పక్క మంచం మీది ఉబ్బసం తమ్మునికి నరకం. సువాసన ఉన్నా పొగ పొగే.

ఇంటికి పంపే సీసాల మాట అయితే మరీ జాగ్రత్త. నీలగిరి తైలం, కర్పూరం చిన్నపిల్లలు కొంచెం మింగినా ఫిట్స్ రావచ్చు. కార్టన్‌లో పెట్టేటప్పుడే ఇంటికి ఫోన్ చేసి చెప్పండి, పైన అర మీద పెట్టమని, చంటిపిల్ల ముక్కుకు రాయొద్దని. ప్రేమతో పంపిన సీసా ఇంట్లో ఏడుపు కాకూడదు.

ఇగ రాసుకోవడం. నేను చదివింది పదో తరగతి. నా నోటుబుక్కులో గీతలు గీసి ఐదు గళ్లు పెట్టుకున్న: తారీకు, ఏ నూనె, ఎన్ని చుక్కలు దేంట్లో, ఎందుకు రాసిన, తెల్లారి ఎట్లా ఉన్నది. తగ్గకపోతే తగ్గలేదనే రాస్త. ఇంకో పేజీలో నూనెల పేర్లు ఉంటయి. సీసా మీద మొక్క పేరు లాటిన్‌లో ఉండాలె, యూకలిప్టస్ గ్లోబులస్ అన్నట్టు. ఆ పేరు లేకుండా ఉత్త సువాసన అని రాస్తే అది సెంటు సరుకు అని అనుమానపడాలె. ఒక కిలో గులాబీ నూనెకు మూడు నాలుగు టన్నుల పువ్వులు కావాలె. ఒక్క రియాల్‌కు అసలు గులాబీ నూనె ఇస్తా అనెటోడు ఏం అమ్ముతున్నడో మీరే లెక్క కట్టండి.

కొందరు అంటరు, అన్నా, పన్నెండు గంటలు ఎండలో చచ్చి వచ్చి ఈ చదువు ఎందుకు, డాక్టర్లు లేరా అని. ఉన్నరు. డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోవాలో తెలియడానికే ఈ చదువు. బామ్‌తో సద్దుకునే నొప్పి ఏది, బామ్ కింద దాక్కున్న రోగం ఏది అని తేడా తెలియకనే మనోళ్లు ఆలస్యం చేస్తున్నరు. ఒకరోజు జీతం కట్ అయితదని నెలరోజులు రుద్దుకుంట కూర్చుంటరు. ఈ పని ఒకరోజు పోస్టుతో అయ్యేది కాదు. ఒక నూనె గురించి చదివి, చూసి, రాసి, తప్పనిపిస్తే కొట్టేసి మళ్లా రాయాలె. ఇంగ్లీషులో బోలెడు ఉన్నది, హిందీలో ఉన్నది, మన తెలుగులో సైటు పని చేసెటోడు చదివే తీరుగా చాలా తక్కువ ఉన్నది. మనం రాసుకోకపోతే ఆ ఖాళీలో అమ్మెటోడే రాస్తడు.

రేపు శుక్రవారం సెలవే కదా. మీ సంచిలో ఉన్న సీసాలు బయటికి తీసి మూత వెనక, అట్ట మీద ఏం రాసి ఉన్నదో చదవండి. ఎందుకు వాడుతున్నరు, తగ్గిందా లేదా, ఉన్నది ఉన్నట్టు కామెంట్లో రాయండి. వచ్చే వారం నీలగిరి తైలం ఒక్కదాని గురించే రాస్త.