వియ్యాలవారి గళ్ళబట్ట

గ్లాస్గోలో కొడుకు దగ్గర ఉంటున్న ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. అబ్బాయి అక్కడి పిల్లనే చేసుకుంటున్నాడు. పిల్ల మంచిది, తల్లిదండ్రులు మర్యాదస్థులు, ముహూర్తం దగ్గర గాని భోజనాల దగ్గర గాని పేచీ రాలేదు. తీరా వచ్చిన పేచీ అంతా ఎనిమిది గజాల బట్ట దగ్గర వచ్చింది.

పిల్ల ఇంటిపేరు మాక్‌గ్రెగర్. అక్కడి పద్ధతిలో పెళ్ళికి కిల్ట్ కట్టుకుంటానని అబ్బాయి అంటే, కాబోయే మామగారు పొంగిపోయి, "అయితే మా గళ్ళే కట్టుకో నాయనా" అన్నాడట. అది విని మన సోదరి భర్తగారు ముఖం ముడుచుకున్నారు. "పెళ్ళినాడు వాళ్ళ వంశం గుడ్డ చుట్టబెట్టుకుంటే, మనవాణ్ణి ఇల్లరికం పంపినట్టు కాదూ?" అని ఆయన బాధ. అబ్బాయి బాధ వేరు. ఆఫీసులో ఒక స్కాట్లండు పెద్దమనిషి, "ఆ వంశంలో పుట్టనివాడు ఆ గళ్ళు కట్టుకోవడం పగటివేషం" అన్నాడట. తండ్రికి మనది పోతుందేమోనని భయం. కొడుకుకి పరాయిది కాజేస్తున్నానేమోనని భయం. మధ్యన నలిగిపోతున్నది తల్లి.

అసలు ఈ గళ్ళ సంగతేమిటో చూద్దాం. దాన్ని టార్టన్ అంటారు. ఉన్ని బట్ట, ఏటవాలు నేత. పడుగులో ఏ రంగు దారాలు ఏ వరసలో ఎన్నెన్ని ఉంటాయో, పేకలోనూ అదే వరసలో అన్నే ఉంటాయి. ఒకే రంగు తనమీద తాను పడినచోట ముదురుగా, వేరే రంగుమీద పడినచోట మిశ్రమంగా కనిపిస్తుంది. ఆరు రంగుల దారాలు పెడితే ఇరవయ్యొక్క ఛాయలు తేలతాయి. చీరాల వైపు సోదరీమణులకు ఇదేమీ వింత కాదు. అక్కడి మగ్గాల మీద నేసిన గళ్ళ రుమాళ్ళు 'రియల్ మద్రాస్' పేరుతో పశ్చిమ ఆఫ్రికాకు ఓడలెక్కేవి. ఆ బట్టను నడుముకి చుట్టి, ముందువైపు చదునుగా ఉంచి, వెనక కుచ్చిళ్ళు పోసి కుడితే కిల్ట్. కుచ్చిళ్ళు మగవాళ్ళకి, అందులోనూ వెనకవైపు! మన ముసలమ్మలు చూస్తే బుగ్గలు నొక్కుకుంటారు.

స్కాట్లండు కొండసీమల్లో ఒక్కొక్క నాయకుడి కింద ఉన్న జనాన్ని క్లాన్ అంటారు. గేలిక్ భాషలో ఆ మాటకి పిల్లలు, సంతానం అని అర్థం. అయితే ఇది మన గోత్రంలా పుట్టుకను బట్టే వచ్చేది కాదు. నాయకుడి భూమిలో సాగు చేసుకుంటూ, ఆయన రక్షణ కోరి, ఆయన పేరే ఇంటిపేరుగా పెట్టుకున్నవాళ్ళు ఎందరో. కనక ఆ పేరున్న వాళ్ళందరిదీ ఒకే రక్తమని ఎవరన్నా అంటే తొణక్కుండా నవ్వి ఊరుకోవచ్చు.

ఇక ఆ గళ్ళు అనాదినుంచీ ఫలానా వంశానికి ఫలానావి అనే మాట. నిజానికి ఇది మనం అనుకున్నంత పాతది కాదు. 1746 ఏప్రిల్ 16న కల్లోడెన్ యుద్ధంలో కొండసీమల తిరుగుబాటుదారులు ఓడిపోయారు. ఆ ఏడే పార్లమెంటు చట్టం చేసి, కిల్టూ టార్టనూ కట్టరాదని నిషేధించింది. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల ఖైదు, రెండోసారి ఏడేళ్ళు ద్వీపాంతరవాసం. నిషేధం మగవాళ్ళకీ మగపిల్లలకీ మాత్రమే. ఆడవాళ్ళ ఊసు అందులో లేదు. రాజుగారి సైన్యంలో చేరినవాళ్ళకి మాత్రం మినహాయింపు ఉంది. కడుపు కోసమో కట్టుకునే గుడ్డ కోసమో, ఎందరు చేరారో! 1782లో చట్టం రద్దయ్యేసరికి ముప్ఫయ్యారేళ్ళు గడిచాయి, ఒక తరం మారిపోయింది.

1815లో లండనులోని హైలాండ్ సొసైటీ, "మీ మీ గళ్ళ నమూనాలు ముద్ర వేసి పంపండి" అని నాయకుల్ని కోరితే, మాక్డొనాల్డ్ ప్రభువు అంతటివాడు, తమ గళ్ళు ఇవీ అని తనకి తెలియదని ఒప్పుకున్నాడు. బానక్‌బర్న్‌లో విల్సన్ అనే నేతకంపెనీ వారి 1819 నాటి నమూనాల పుస్తకంలో రెండువందలకు పైగా గళ్ళున్నాయి. కొన్నిటికి ఊళ్ళ పేర్లు, కొన్నిటికి వంశాల పేర్లు, కొన్నిటికి ఉత్త నెంబర్లు. మాక్ఫెర్సన్ వారివని ఈనాడు చెప్పుకునే గళ్ళు ఆ కొట్టులో ఒకప్పుడు 43వ నెంబరు సరుకు!

1822లో నాలుగో జార్జి రాజు ఎడింబరో వచ్చినప్పుడు నవలాకారుడు వాల్టర్ స్కాట్ ఉత్సవం నడిపించి, నాయకులందరినీ ఎవరి గళ్ళలో వాళ్ళని రమ్మన్నాడు. లేనివాళ్ళు కొట్లకి పరుగెత్తారు. రాజుగారి దుస్తులకే 1,354 పౌన్లయిందట; కిల్ట్ కింద గులాబిరంగు మేజోళ్ళు తొడుక్కుని జనానికి నవ్వు తెప్పించాడు. ఇరవయ్యేళ్ళ తరవాత, 1842లో, తాము స్టూవర్ట్ రాజవంశం మనమలమని చెప్పుకు తిరిగిన ఇద్దరు అన్నదమ్ములు, పాత తాళపత్రం దొరికిందన్నంత ఆర్భాటంతో ఒక గళ్ళపుస్తకం అచ్చువేశారు. అది కల్పితమని తరవాత తేలింది. అయినా అందులోని గళ్ళు చాలా వంశాలకి నిలిచిపోయాయి.

"అయితే ఇదంతా బూటకమే, ఎవరి గళ్ళు ఎవరు కట్టుకుంటేనేం?" అంటారు కాబోలు. అంత తొందర వద్దు. మూలం కొట్టులో పుట్టినా, ఆరేడు తరాలు పెళ్ళిళ్ళకీ చావులకీ కట్టుకున్న బట్టకి వేరే బరువు వస్తుంది. కట్టుకున్నవాడు, "నేను ఈ నాయకుడి మనుషుల్లో వాణ్ణి" అని నోరు మెదపకుండా చెబుతున్నాడని అక్కడివారి భావం. 1692 ఫిబ్రవరి 13 తెల్లవారుజామున గ్లెన్‌కోలో, పది పన్నెండు రోజులుగా అతిథులుగా తింటున్న ఇళ్ళవారినే సైనికులు చంపారు. చచ్చినవాళ్ళు మాక్డొనాల్డులు, ముప్ఫయ్ ఎనిమిది మంది. ఆ సైనికుల కెప్టెను ఒక కాంబెల్. మాక్డొనాల్డుల పెళ్ళికి, రంగు బాగుందని కాంబెల్ గళ్ళు అద్దెకి తెచ్చుకు వెళ్ళిన కుర్రవాణ్ణి ఎవరూ కొట్టరు. కాని ఏ తాతగారో అదోలా చూడవచ్చు. తెలిసి చెయ్యడం వేరు, తెలియక చెయ్యడం వేరు.

చట్టం మాటకొస్తే, వంశపు గళ్ళు పరాయివాడు కట్టుకోకూడదని నిషేధమేమీ లేదు. స్కాట్లండు ప్రభుత్వం 2009 నుంచి టార్టన్లకి రిజిస్టరు నడుపుతున్నది గాని, అది నమోదు కోసమే. బాల్మొరల్ అనే బూడిదరంగు గళ్ళు మాత్రం రాజకుటుంబానివి, వాటి జోలికి పోరాదు. కొన్ని వ్యక్తుల, సంస్థల సొంత గళ్ళకీ అనుమతి అడగాలి. ఇక ఏ క్లానూ లేనివాళ్ళు నిశ్చింతగా కట్టుకునేందుకు నీలం, ఆకుపచ్చ, నలుపు కలిసిన 'బ్లాక్ వాచ్' ఉంది. ఊళ్ళ పేరనా, సీమల పేరనా ఉన్నాయి, గ్లాస్గోకీ ఉంది. స్కాట్లండులో స్థిరపడిన సిక్కుల కోసం 1999లో 'సింగ్' పేర ఒక టార్టన్ వెలిసింది.

ఇప్పుడు మన అబ్బాయి సంగతి. ఆఫీసు పెద్దమనిషి మాటలో సగం నిజం ఉంది. ఎవరూ పిలవకుండా, కొట్టులో చూసి ముచ్చటపడి మాక్‌గ్రెగర్ గళ్ళు తెచ్చుకుని ఉంటే, నేనూ వద్దనేదాన్ని. కాని ఇక్కడ ఆ ఇంటి పెద్ద నోరారా కట్టుకోమన్నాడు. ఆ మాట విలువ తెలియాలంటే వాళ్ళ చరిత్ర కొంచెం వినాలి. 1603లో ఆ పేరునే రద్దు చేశారు. మాక్‌గ్రెగర్ అని చెప్పుకుంటే మరణశిక్ష. ఆ వంశంవాళ్ళు గ్రాంట్ అనీ, మర్రే అనీ, డ్రమ్మండ్ అనీ అరువు పేర్లతో బతికారు. పేరుమోసిన రాబ్ రాయ్ కూడా తల్లివైపు వారి కాంబెల్ పేరు పెట్టుకున్నాడు. మధ్యన కొన్నాళ్ళు సడలించి, మళ్ళీ బిగించి, ఆఖరికి 1774లో గాని నిషేధం పూర్తిగా ఎత్తెయ్యలేదు. నూటడెబ్భై ఏళ్ళు తమ పేరు తాము చెప్పుకోలేకపోయిన ఇంటివారు, "రా, మాది కట్టుకో" అంటున్నారు. దాన్ని పగటివేషం అనగల హక్కు ఆఫీసు పెద్దమనిషికి ఎక్కడిది?

ఇక తండ్రిగారికి. అయ్యా, తమరు పీటలమీద కూర్చున్ననాడు కట్టుకున్న మధుపర్కాలు ఎవరిచ్చారు? మీ మామగారు కాదూ? ఎర్రంచు తెల్లపంచె ఆయన చేతులమీదుగా తీసుకుని, కట్టుకుని, తాళి కట్టి, భార్యను మీ ఇంటికే తెచ్చుకున్నారు గదా. మీ ఇంటిపేరు మారిందా, గోత్రం మారిందా? అక్కడ పిల్లనిచ్చేవారు మన ఆచారం తెలియకుండానే మధుపర్కాలు పెడుతున్నారనుకోండి. కాకపోతే కాస్త రంగెక్కువ.

ఒక్కటి మాత్రం అబ్బాయికి చెప్పండి. పెళ్ళికీ, అత్తవారింటి శుభకార్యాలకీ ఆ గళ్ళు నిక్షేపంగా కట్టుకోవచ్చు. ఆఫీసు విందులకీ, స్నేహితుల పెళ్ళిళ్ళకీ అయితే గ్లాస్గో గళ్ళు చాలు. ఆ ఊరి అన్నం తింటున్నాడు కనక వాటిమీద అతనికి ఎవరూ అడ్డుచెప్పలేని చనువుంది.

కొట్టుకి వెళ్ళేముందు, మాక్‌గ్రెగర్ గళ్ళల్లో ఏవి అని మామగారినే అడగమనండి. ఎరుపు, ఆకుపచ్చల మీద సన్నని తెల్లగీత ఉన్నది ఒకటి. రాబ్ రాయ్ పేర ఉత్త ఎరుపు నలుపు గళ్ళది ఇంకొకటి. కొలిచి కుట్టడానికి వారాలు పడుతుంది, కుట్టాక మార్చుకోవడం కుదరదు. ఖర్చెక్కువ అనిపిస్తే అద్దెకీ ఇస్తారు, అందులో నామోషీ లేదు.

చివర ఆమె, "నేనేం కట్టుకోను?" అని కూడా అడిగారు. మీ కంచిపట్టు చీరే. వియ్యపురాలు భుజాన వేసుకోమని ఆ గళ్ళ ఉత్తరీయం ఇస్తే, సంతోషంగా వేయించుకోండి. పిన్ను గుచ్చేముందు చీర లోపలివైపు చిన్న గుడ్డముక్క మడతపెట్టి ఉంచుకోండి. ఉన్ని బరువుకి పట్టు చిరుగుతుంది.