పదిమందీ నిద్రించారు

మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని పదిమంది కన్యకల ఉపమానాన్ని మన ప్రసంగీకులు వివరించే తీరుపై నాకు చిరకాలంగా ఒక అభ్యంతరముంది. బుద్ధిలేని అయిదుగురూ నిద్రపోయినందుకే వారికి తలుపు మూయబడిందన్నట్లు చెబుతారు. గ్రంథంలో అలా లేదు. పెండ్లికుమారుడు ఆలస్యం చేయగా పదిమందికీ కునుకు పట్టింది, బుద్ధిగలవారితో సహా! భేదమంతా సిద్దెలలోని నూనెది.

కనుక సిద్ధపాటంటే కన్నుమూయని కలవరం కాదు. రాకడకు తేదీ కట్టడం అసలే కాదు. అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని ఎదురుచూశారు. ఆ దినం గడిచిపోయింది. దానితో కొందరి విశ్వాసమూ పోయింది.

ఇంతకూ ఆ నూనె ఏమిటి? లూథర్ విశ్వాసమన్నాడు. అంతకు వెయ్యేళ్ళ ముందే యోహాను క్రిసోస్తొము దీనుల పట్ల కనికరమన్నాడు. నేను క్రిసోస్తొము పక్షం. అదే అధ్యాయం చివర తీర్పరి విచారించేది ఆకలిగొన్నవారిని గురించీ, చెరసాలలో ఉన్నవారిని గురించే కదా! పూర్ణహృదయంతో నమ్మినవాడి విశ్వాసం అక్కడికి చేరకుండా ఉండదని నా నమ్మకం. (లూథర్ కూడా దీన్ని కాదనడనుకుంటాను.)

నూనె పంచకపోవడం స్వార్థం కాదా అని అడిగేవారున్నారు. తాతగారు గుడి కట్టించి ఉండవచ్చు, తల్లి నిత్యం మోకరించి ఉండవచ్చు; వారి కనికరం మనకు అప్పుగా దొరకదు. అయినా, అర్ధరాత్రి వేళ ఆ అయిదుగురినీ అంగడికి పంపడం మాత్రం నాకిప్పటికీ కఠినంగానే తోస్తుంది.