స్పాక్ నవ్వుకు సాక్షులు

1967 సెప్టెంబరులో అమెరికా టీవీలో వచ్చిన 'అమోక్ టైమ్' అనే స్టార్ ట్రెక్ ఎపిసోడ్ చివర్లో ఒక నవ్వుంది. అంతరిక్ష ఓడలో అధికారి అయిన స్పాక్ వల్కన్ జాతివాడు. మనసులోది ముఖం మీద కనపడనివ్వడం వాళ్లలో పరువు తక్కువ పని. పెళ్లి ఘడియకు సొంత గ్రహం చేరకపోతే ప్రాణం మీదికొచ్చే స్థితిలో ఇంటికెళ్తాడు. చిన్నప్పుడే కుదిర్చిన పెళ్లికూతురు టిప్రింగ్ అక్కడ మెలిక పెడుతుంది: తన తరఫున ఆ ఓడ కెప్టెన్ కర్క్ స్పాక్‌తో పోరాడాలట. ఒళ్లు తెలియని ఆవేశంలో స్పాక్ తన చేతులతోనే కర్క్‌ను చంపేశాననుకుంటాడు. నిజానికి డాక్టర్ మెకాయ్ పొడిచిన సూది మందుకి కర్క్ చచ్చినట్టు పడిపోయాడంతే. ఓడకి తిరిగొచ్చిన స్పాక్, ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి శిక్షకు సిద్ధమవుతుంటే వెనక నుంచి కర్క్ గొంతు వినిపిస్తుంది. అంతే, గిరుక్కున తిరిగి, రెండు చేతులా అతన్ని పట్టుకొని, పళ్లన్నీ కనపడేలా నవ్వి, పేరు పెట్టి పిలుస్తాడు. మరుక్షణం ముఖం సర్దేసుకుంటాడు. స్పాక్ మీద మనసుపడ్డ నర్సు చాపెల్ ఆ గదిలోనే ఉంటుంది. ఆమెను చూసి ఎన్నడూ అలా నవ్వినవాడు కాదు.

ఆ కాస్త నవ్వు మీద వేల కథలు పుట్టాయి. ఇద్దరికీ ముడిపెట్టి అభిమానులు రాసుకున్న ప్రేమకథలు. వీటిని ఫ్యాన్ ఫిక్షన్ అంటారు. సైన్స్ ఫిక్షన్‌లో ఈ జోడీల రాత ఒక పెద్ద సమాంతర సాహిత్యం. పనీపాటా లేని పిల్లల పిచ్చిరాతలని మన దగ్గర కొట్టిపారేసేవాళ్లే ఎక్కువ. నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పుకునేదాన్ని. నాకు ఇందులో నచ్చేది ప్రేమ ఒక్కటే కాదు, రుజువు కూడా. 'వీళ్లిద్దరి మధ్యా ఏదో ఉంది' అని రాసే మనిషి, ఫలానా ఎపిసోడ్‌లో ఫలానా చూపు, ఫలానా చోట తడబడిన మాట అని చూపించాలి. చూపించలేకపోతే తోటి పాఠకులే ఉతికి ఆరేస్తారు. మామూలు ప్రేక్షకుడు టీ తాగుతూ వదిలేసిన దృశ్యాన్ని వీళ్లు ఇరవైసార్లు చూసుంటారు. ఇది చదవడం కాకపోతే చదవడమంటే ఏమిటో నాకు తెలియదు.

మొదలుపెట్టింది ఆడవాళ్లే. 1967లోనే 'స్పాకనేలియా' అనే పత్రిక వచ్చింది, స్టార్ ట్రెక్ అభిమానుల మొదటి పత్రిక అదే. అభిమానులే రాసి, టైపు కొట్టి, సైక్లోస్టైల్ తీసి, పిన్నులు వేసి, పోస్టులో పంపుకునే రోజులవి. 1974లో 'గ్రప్' అనే పత్రికలో డయాన్ మర్చెంట్ అనే ఆస్ట్రేలియా రచయిత్రి ఒక చిన్న కథ రాసింది. ఇద్దరు ప్రేమికుల ఏకాంతం. పేర్లు రాయలేదు. రాయకపోయినా అది కర్క్, స్పాక్‌ల కథేనని అందరికీ అర్థమైంది. ఆ తర్వాత పేర్ల మొదటి అక్షరాల మధ్య ఏటవాలు గీత పెట్టడం ఆనవాయితీ అయింది. గీత ఉంటే ప్రేమకథ, 'అండ్' గుర్తు ఉంటే స్నేహం కథ. ఇప్పటికీ ఆన్‌లైన్‌లో అదే లెక్క.

తమాషా ఏమిటంటే ఈ గుసగుసలు స్టార్ ట్రెక్ సృష్టికర్త చెవిన కూడా పడ్డాయి. 1979 నాటి మొదటి సినిమాకి నవలారూపం జీన్ రాడెన్‌బెరీ తనే రాశాడు. కర్క్, స్పాక్ ప్రేమికులనే పుకారు గురించి అందులో ఒక ఫుట్‌నోట్ పెట్టి, దానికి కర్క్ చేతే జవాబు చెప్పించాడు. తనకు ఆడవాళ్లంటేనే ఇష్టమని కర్క్ అంటాడు. కానీ అవుననీ కాదనీ తెగేసి చెప్పే జవాబు కాదది. పుకారుని ఆపాలనుకున్నవాడెవడైనా పుస్తకంలో అచ్చు వేయించి మరీ ఆపుతాడా?

ఆడవాళ్లు ఇద్దరు మగవాళ్ల ప్రేమ ఎందుకు రాశారనేది అందరూ అడిగే ప్రశ్నే. 1985లో జొయానా రస్ అనే సైన్స్ ఫిక్షన్ రచయిత్రి దీని మీద ఒక వ్యాసమే రాసింది. ఆమె వాదన వల్ల నాకు ఆ ఓడ వేరేగా కనిపించింది. యోమన్ ర్యాండ్ అని ఒకమ్మాయి ఉంటుంది. ఇరవైమూడో శతాబ్దం, కాంతిని మించిన వేగం, అయినా ఆ అమ్మాయి పని కెప్టెన్ సంతకానికి పలక పట్టుకొని నిలబడటం, కాఫీ అందించడం. ఇక కర్క్‌కు సమఉజ్జీగా నిలిచి, వాదించి, ప్రాణం అడ్డువేసే మనిషి ఎవరు? స్పాక్ ఒక్కడే. సమానుల మధ్య ప్రేమ రాయాలనుకున్న ఆడవాళ్లకు ఆ ఓడలో దొరికిన జంట అది. ఎనభైల్లో దూరదర్శన్ వాళ్లు ఆదివారం పొద్దున స్టార్ ట్రెక్ వేసేవాళ్లు. పక్కింట్లో గచ్చు మీద కూర్చొని చూస్తూ నేనూ స్పాక్‌నే కావాలనుకున్నాను, ర్యాండ్‌ను కాదు.

ఈ జోడీల విషయంలో నాకు నచ్చనిది ఒకటుంది, సొంతదారుల ఆమోదం కోసం దేవులాట. 'మా జంటను అధికారికం చెయ్యండి' అని స్టూడియోల మీద ఒత్తిడి తేవడం, చెయ్యకపోతే మోసమని గోల పెట్టడం. సొంతదారుల మనసు సంగతి తెలియంది కాదు. 1981లో స్టార్ వార్స్ అభిమాన పత్రికలకు లూకాస్‌ఫిల్మ్ వైపు నుంచి హెచ్చరిక ఉత్తరాలు వెళ్లాయి: ఇంటిల్లిపాదీ చూసే సినిమా మాది, పడకటింటి కథలు రాస్తే ఊరుకోమని. ఆ గొడవకు కారణం హాన్, లేయాల కథ! తెర మీద వాళ్లే కలిపిన జంట. 'ఎక్స్ ఫైల్స్'దీ ఇలాంటి ముచ్చటే. మల్డర్, స్కల్లీలను కలపనంటూ దాని సృష్టికర్త క్రిస్ కార్టర్ ఏళ్ల తరబడి భీష్మించుకున్నాడు. 1993లో మొదలైన సీరియల్లో 1999 నవంబరుకి గాని ఇద్దరూ పెదవులు కలపలేదు. ఆ ఆరేళ్ల ఎదురుచూపులో అభిమానులు రాసుకున్నంత బాగా తర్వాత తెర మీద ఏ రచయితా రాయలేదని నా అభిప్రాయం.

ఆమోదం లేకపోతే ఏం పోతుంది? మన శశిరేఖను చూడండి. వ్యాసుడికి ఆమె తెలియదు. తిక్కన విరాటపర్వంలో అభిమన్యుడికి ఉత్తరనిచ్చి పెళ్లి చేశాడు. బలరాముడికి కూతురుందని, బావామరదళ్లు ప్రేమించుకున్నారని మూలంలో లేనేలేదు. ఎవరో జనం మధ్య కూర్చొని ఆ ఇద్దరికీ ముడిపెట్టారు. సురభి వాళ్లు ఊరూరా ఆడారు. 1957లో కె.వి. రెడ్డి 'మాయాబజార్' తీస్తే, ఇది భారతంలో లేదని టికెట్ వెనక్కిచ్చిన తెలుగువాడున్నట్టు నేను వినలేదు.

మా అన్నయ్య కూతురు హైదరాబాద్‌లో బీటెక్ చేస్తోంది. స్టార్ వార్స్ కొత్త సినిమాల్లోని రే, కైలో రెన్‌ల జోడీ అంటే ప్రాణం. 2017 నాటి 'ద లాస్ట్ జెడై'లో ఒక దృశ్యం ఫోన్లో ఆపి ఆపి చూపించింది. ఎక్కడో దీవిలో రాతి గుడిసెలో మంట ముందు రే. ఇంకెక్కడో అంతరిక్షంలో అతను. ఫోర్స్ అనే శక్తి ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడుతుంది. ఆమె చెయ్యి చాస్తుంది, అతను చేతి తొడుగు తీసి చాస్తాడు, వేళ్లు తగులుతాయి. అంతలో ఆమె గురువు ల్యూక్ వచ్చి గుడిసెని పేల్చేస్తాడు. 'తొడుగు ఎందుకు తీశాడత్తా?' అని నిలదీసింది. నా దగ్గర జవాబు లేదు. మంచి ప్రశ్న.

2019లో వచ్చిన ఆఖరి సినిమా ఆ జోడీ అభిమానులు కోరుకున్న ముద్దు ఇచ్చింది, ఇచ్చిన నిమిషానికే కుర్రాణ్ణి చంపేసింది. వారం రోజులు మా పిల్ల సరిగ్గా అన్నం తినలేదు. తర్వాత అతన్ని బతికించి తనే కథ రాసుకుంది. తనలాంటి వాళ్లు బోలెడుమంది. ఆ జోడీ మీద కథలు రాసిన ఒకామె, స్వయంగా న్యూరోసైన్స్ శాస్త్రవేత్త, ఆ జంటను యూనివర్సిటీ ల్యాబుల్లోకి తీసుకెళ్లి రాసిన కథే పేర్లు మారి 2021లో 'ద లవ్ హైపోథసిస్' నవలైంది, దేశదేశాల్లో అమ్ముడుపోయింది. ఆలీ హేజల్‌వుడ్ అనే పేరుతో రాస్తుంది ఆమె. కథానాయకుడికి ఆడమ్ అని పేరు, కైలో వేషం వేసిన నటుడి పేరే. తెలిసినవాళ్లకు తెలుస్తుంది.

ఇంతవరకూ పొగిడాను కదా, ఇక పేచీ. చూపు పదునుగా ఉన్నవాళ్లకు కొన్ని దృశ్యాలే ఎందుకు కనపడతాయి? 1966 సెప్టెంబరు 8న ప్రసారమైన స్టార్ ట్రెక్ మొట్టమొదటి ఎపిసోడ్‌లోనే, నల్లజాతి అధికారి ఉహూరా డ్యూటీలో కూర్చొని స్పాక్‌ను ఆటపట్టిస్తుంది. మీ గ్రహం మీద పున్నమి రాత్రి ఎలా ఉంటుందో చెప్పరాదా అని అడిగితే, మాకు చంద్రుడే లేడంటాడు. ఆశ్చర్యపోనక్కర్లేదులే అన్నట్టు అంటుందామె. మరో ఎపిసోడ్‌లో అతను వీణలాంటి వాద్యం మీటుతుంటే, అతని మీదే పాట కట్టి అందరి ముందూ పాడుతుంది. ఓడలో అతన్ని అంత చనువుగా ఏడిపించే ఆడమనిషి ఇంకెవరు? నర్సు చాపెల్‌కి గొంతే పెగలదు. సమానులు దొరకలేదన్న జొయానా రస్ వాదన ఇక్కడ నాకు సగమే నచ్చుతుంది. ఉహూరా అక్కడే కూర్చొని ఉంది మరి. 2009 సినిమాలో స్పాక్, ఉహూరాలను జంటగా చూపిస్తే మూలంలో లేదని ఆడిపోసుకున్న అభిమానులు చాలామంది. కర్క్ విషయంలో మాత్రం మూలం అడ్డురాలేదు.

స్టార్ వార్స్‌లోనూ ఇదే వరస. కన్నతండ్రిని కత్తికి బలిచ్చిన తెల్లదొరబిడ్డ కైలోకు ప్రాయశ్చిత్తం రాయడానికి వేల చేతులు లేచాయి. నల్లవాడైన ఫిన్‌ను రేతో కలిపి రాసినవాళ్లు వాళ్లతో పోలిస్తే పిడికెడు. ఇదే మా పిల్లనడిగాను. 2015 సినిమాలో ఫిన్ ఏం చేశాడో గుర్తుందా? శత్రువుల స్థావరం రక్షణ కవచాన్ని ఎలా దించాలో తనకు తెలుసని సైన్యం మొత్తానికి అబద్ధం చెప్పాడు. అతను అక్కడ చేసింది పారిశుద్ధ్యం పని. కవచాల సంగతి ఓనమాలు కూడా రావు. రేను విడిపించాలి, అందుకని వచ్చాడు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలే?

మా పిల్ల కాసేపు ఆలోచించి, 'అతను మరీ మంచోడత్తా, మంచోడి మీద లక్ష పదాల కథ రాస్తే ఎవరు చదువుతారు?' అంది.

నేను చదువుతాను. ప్రీ ఫైనల్ పేపర్లు దిద్దడం అవగానే పంపమన్నాను.