అర్ధరాత్రి తాంజిరో కబుర్లు

2025 సెప్టెంబరు 12న ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్’ మన థియేటర్లలోకి వచ్చింది. జపాన్ బొమ్మల సినిమానే అయినా తెలుగు డబ్బింగుతో వచ్చింది. మీ ఇంట్లో పదో తరగతో ఇంటరో చదివే పిల్లలుంటే తాంజిరో, నెజుకో, జెనిత్సు పేర్లు మీ చెవిన పడే ఉంటాయి. సినిమా అయిపోయినా వాళ్ల మాటలు అయిపోవు. ఇంటికొచ్చాక అవి ఫోనులో మొదలవుతాయి. డిస్కార్డ్, రెడిట్ వంటి చోట్ల లక్షల మంది అభిమానులు పగలూ రాత్రీ ఇదే కథ గురించి మాట్లాడుకుంటుంటారు. వాళ్లలో మీ అబ్బాయో అమ్మాయో ఉండొచ్చు.

బయటి నుంచి చూసే మీకు కనిపించేది మాత్రం దుప్పటి కింద వెలుగుతున్న తెర ఒక్కటే. ‘ఎవరితోరా అంత కబుర్లు?’ అని అడిగితే ‘ఫ్రెండ్స్‌తో’ అంటారు. ఆ ఫ్రెండ్స్ పేర్లు వాళ్లకూ తెలియవు. అక్కడ అందరివీ మారుపేర్లే. కంగారు పడాల్సిన విషయమేనా ఇది? కొంత అవును, కొంత కాదు. ఏది ఎంతవరకో తెలియాలంటే ముందు లోపల ఏం జరుగుతోందో చూడాలి.

అసలేముంది ఆ కథలో?

కొయొహారు గొతోగె గీసిన ఈ బొమ్మల కథ 2016 నుంచి 2020 వరకు జపాన్ వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. 2019లో టీవీ సిరీస్ మొదలైంది. బొగ్గులమ్ముకుని బతికే తాంజిరో ఒకరోజు ఇల్లు చేరేసరికి కుటుంబాన్ని రాక్షసుడు చంపేసి ఉంటాడు. మిగిలిన ఒక్క చెల్లెలు నెజుకో కూడా రాక్షసిగా మారిపోతుంది. ఆమెను మళ్లీ మనిషిని చేయడానికి అన్న కత్తి పడతాడు. తోబుట్టువు కోసం పడే ఈ ఆరాటం మన పిల్లలకు దగ్గరగా అనిపించడంలో వింతేమీ లేదు.

అయితే బొమ్మలు కదా అని ఇది చంటిపిల్లల కార్టూన్ అనుకోవద్దు. నెత్తురు, తలలు తెగడం, ఆప్తుల మరణాలు ఉంటాయి. ఈ సినిమాకు అమెరికాలో ‘ఆర్’ రేటింగ్ ఇచ్చారు. అంటే 17 ఏళ్ల లోపువారు పెద్దలు తోడుంటేనే చూడాలి. ఏడెనిమిదేళ్ల తమ్ముడు అన్న పక్కన కూర్చుని చూస్తున్నాడేమో గమనించండి.

కథ చూసినవాళ్లకు దాని గురించి మాట్లాడాలనిపిస్తుంది. 2020 నాటి ‘ముగెన్ ట్రైన్’ సినిమాలో రెంగోకు చనిపోయినప్పుడు ఎంతోమంది అభిమానులు సొంతవాళ్లు పోయినట్లే బాధపడ్డారు. తెర మీది మనిషితో మనం పెంచుకునే ఈ ఏకపక్ష బంధాన్ని డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే పరిశోధకులు 1956లోనే వివరించారు. టీవీ సీరియల్‌లో కోడలి కష్టానికి కళ్లు తుడుచుకునే ఇంట్లో ఇది కొత్త సంగతేమీ కాదు. బొమ్మ చనిపోయిందని ఏడుస్తున్న పిల్లవాడిని చూసి నవ్వితే మాత్రం వాడు ఆ దుఃఖాన్ని పంచుకోవడానికి ఇంకో చోటు వెతుక్కుంటాడు. ఆ చోటు ఫోనులో సిద్ధంగా ఉంది.

ఆ గుంపులో జరిగేది

డిస్కార్డ్ 2015లో వీడియోగేములు ఆడేవాళ్ల కోసం మొదలైంది. ఇందులో ఒక్కో గుంపును సర్వర్ అంటారు. సర్వర్‌ను ఒక పెద్ద ఇల్లనుకుంటే, అందులోని చానళ్లు గదులు. ఒక గదిలో కొత్త ఎపిసోడ్ గురించి చర్చ. ఇంకో గదిలో తాము గీసిన బొమ్మల ప్రదర్శన. మరో దాంట్లో గొంతుతోనే మాట్లాడుకోవడం. ముందు జరగబోయే కథ చెప్పేసి ఎదుటివారి సరదా పాడు చేయకూడదని నియమాలుంటాయి. వాటిని అమలు చేయడానికి మోడరేటర్లుంటారు. చాలాచోట్ల వాళ్లు జీతం లేకుండా పనిచేసే అభిమానులే.

ఇందులో మేలు లేకపోలేదు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ 2025 జూన్‌లో చెప్పింది. యువతలోనూ ఇది ఎక్కువే. క్లాసులో నోరు విప్పని పిల్లవాడు అక్కడ గంటసేపు వాదించగలడు. నాన్నకు బదిలీ అయ్యి కొత్త ఊరికొచ్చిన అమ్మాయికి పాత స్నేహితులు అక్కడే దొరుకుతారు. డాలస్‌లో పెరుగుతున్న పిన్ని కొడుక్కీ విజయవాడలో ఉన్న మీ వాడికీ మాట్లాడుకోవడానికి ఒక కథ దొరకడం మంచిదే కదా! బొమ్మలు గీయడం, ఇంగ్లిషులో నాలుగు వాక్యాలు రాయడం, ఎదుటివారితో విభేదించి కూడా మర్యాదగా ఉండటం అక్కడ నేర్చుకునేవాళ్లున్నారు.

కాబట్టి ‘ఎన్ని గంటలు’ అన్న ఒక్క లెక్కతో దీన్ని తూచలేం. మీరు చూడాల్సినవి రెండు: ఈ కబుర్లు దేన్ని తినేస్తున్నాయి? అవతల ఉన్నది ఎవరు?

మొదట పోయేది నిద్ర

ఈ కబుర్లు అర్ధరాత్రే ఎందుకు జోరందుకుంటాయో గడియారం చూస్తే తెలుస్తుంది. సర్వర్లో అమెరికా పిల్లలుంటారు. న్యూయార్క్‌లో బడి అయ్యి ఇంటికొచ్చే సాయంత్రం 4 గంటలంటే, మనకు రాత్రి ఒంటిగంటన్నర. అక్కడి చలికాలంలో అయితే రెండున్నర. లండన్‌లో వేసవి రాత్రి 8 గంటలంటే మనకు పన్నెండున్నర. గుంపు అప్పుడే నిండుతుంది. పడుకుంటే కబుర్లు తప్పిపోతాయి. తెల్లారి చూస్తే వందల సందేశాలు, అందులో కథ గుట్టంతా బయటపెట్టినవి కొన్ని.

దీనికి వయసు కూడా తోడవుతుంది. యుక్తవయసులో నిద్ర తెచ్చే మెలటోనిన్ హార్మోన్ రాత్రి ఆలస్యంగా ఊరడం మొదలవుతుంది. అందుకే పదిహేనేళ్ల పిల్లలకు పది గంటలకు నిద్ర రావడం లేదంటే అది మొండితనం కాకపోవచ్చు. దానికి తెర వెలుగు, వాదన వేడి, మోగే నోటిఫికేషన్లు తోడైతే నిద్ర మరీ వెనక్కి పోతుంది. 13 నుంచి 18 ఏళ్లవారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ సూచిస్తుంది. 6 నుంచి 12 ఏళ్లవారికైతే 9 నుంచి 12 గంటలు. మీ ఇంటి ముందుకు బడి బస్సు ఏడింటికి వస్తుందంటే ఆరింటికి లేవాలి. ఎనిమిది గంటల నిద్రకు రాత్రి పదికల్లా కన్ను మూతపడాలి. ఒంటిగంటన్నరకు పడుకుంటే మిగిలేది నాలుగున్నర గంటలే.

నిద్ర చాలకపోతే చదివింది గుర్తుండదు. చిన్నమాటకే కోపం వస్తుంది. దిగులు పెరుగుతుంది. ఇంట్లో అప్పుడు ‘ఆ యానిమే చూసే ఇలా తయారయ్యాడు’ అంటారు. చాలాసార్లు దోషం కథది కాదు, కరవైన నిద్రది.

గదిలోంచి గుట్టుకు

రెండో ప్రశ్న మరింత బరువైనది. పదిమంది ఉన్న గదిలో ఎవరైనా చెడుగా మాట్లాడితే మరొకరు చూస్తారు, మోడరేటర్ తీసేస్తాడు. ప్రమాదం చాలాసార్లు అక్కణ్నుంచి పక్కకు జరిగాకే మొదలవుతుంది. ‘నువ్వు గీసిన నెజుకో చాలా బాగుంది, నేరుగా మెసేజ్ చెయ్’ అని ఒకరు అంటారు. ఆ ఒకరు తోటి పిల్లలే కావచ్చు. వయసు దాచిన పెద్దవాళ్లూ కావచ్చు. పొగడ్త, తర్వాత చిన్న కానుక, తర్వాత ‘మీ అమ్మకు చెప్పకు’ అనే మాట, ఆ తర్వాత ఫొటో అడగడం. ఫొటో చేతికి చిక్కాక బెదిరింపు. వరస ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

ఇక్కడే మన ఇళ్లలో ఒక చిక్కు ఉంది. బెదిరింపు వచ్చిన రాత్రి పిల్లలకు ఇద్దరి భయం పట్టుకుంటుంది. ఒకరు అవతలివాడు, రెండోది మీరు. ‘చెబితే ఫోను లాక్కుంటారు, తిడతారు, అందరికీ తెలుస్తుంది’ అనుకున్న పిల్లలు చెప్పరు. వాళ్లు చెప్పకపోవడమే అవతలివాడికి బలం. ‘మీ నాన్నకు పంపిస్తా’ అనే బెదిరింపు పనిచేసేది నాన్నంటే వణికే ఇంట్లోనే. ఈ ఉచ్చులో పడ్డ పిల్లలు ప్రాణాల మీదికి తెచ్చుకునే పరిస్థితీ వస్తుంది. కాబట్టి ఫోనులో పెట్టే ఏ తాళం కన్నా, పిల్లలు మీ దగ్గరికి వచ్చి చెప్పగలగడమే గట్టి రక్షణ.

చట్టం ఎంతవరకు?

ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్ల లోపువారికి సామాజిక మాధ్యమాల ఖాతాలు నిషిద్ధం. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్‌తో పాటు రెడిట్ కూడా ఆ జాబితాలో ఉంది. డిస్కార్డ్ మాత్రం అమలు మొదలైన నాటి జాబితాలో లేదు. అభిమానులు ఎక్కువగా చేరే రెండు చోట్లలో ఒకటి మూసి, ఇంకోటి తెరిచి ఉందన్నమాట. ఆంధ్రప్రదేశ్‌లోనూ అలాంటి చట్టాన్ని పరిశీలిస్తున్నామని 2026 జనవరిలో మంత్రి నారా లోకేశ్ చెప్పారు. దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపువారినందరినీ పిల్లలుగానే చూస్తుంది. వారి సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి అంటుంది. దీని నియమాలు 2025 నవంబరులో వచ్చినా, ఈ నిబంధన పూర్తిగా అమలయ్యేందుకు 18 నెలల గడువిచ్చారు.

వయసు రుజువు అడగడంలోనూ ఒక ముప్పుంది. డిస్కార్డ్‌కు సేవలందించే బయటి సంస్థ ఒకటి దాడికి గురై, దాదాపు 70 వేల మంది గుర్తింపు కార్డుల ఫొటోలు బయటపడి ఉండొచ్చని 2025 అక్టోబరులో ఆ కంపెనీయే వెల్లడించింది. కాబట్టి మీకు తెలియకుండా ఆధార్ ఫొటో ఎక్కడా పెట్టొద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి.

చట్టం వచ్చినా రాకపోయినా, ఈ రాత్రి ఆ గదిలో ఉన్నది మీ పిల్లలు, పక్కగదిలో ఉన్నది మీరు.

మీరు చేయగలిగినవి

కథతో మొదలుపెట్టండి. ‘ఎవర్రా ఈ తాంజిరో? మొదటి ఎపిసోడ్ నాకూ చూపించు’ అనండి. ఇరవై నిమిషాలు పక్కన కూర్చుంటే సర్వర్ గురించి వాళ్లే చెబుతారు. నిఘా పెట్టినట్లు మాత్రం అడగొద్దు.

వయసు చూడండి. డిస్కార్డ్, రెడిట్ రెండింటికీ కనీస వయసు 13. అంతకన్నా చిన్నవాళ్లు అబద్ధపు పుట్టినతేదీతో చేరి ఉంటే ఆ ఖాతా తీసేయడమే సరి. ఎందుకో వివరించి తీసేయండి.

సెట్టింగులు కలిసి మార్చండి. సర్వర్లోని కొత్తవాళ్లు నేరుగా సందేశం పంపకుండా ఆపే వీలు డిస్కార్డ్‌లో ఉంది. 2023లో వచ్చిన ‘ఫ్యామిలీ సెంటర్’తో మీ ఖాతాను పిల్లల ఖాతాకు జోడిస్తే, వాళ్లు ఏ సర్వర్లలో చేరారో, ఎవరితో మాట్లాడుతున్నారో తెలుస్తుంది. ఏం మాట్లాడుకున్నారో కనిపించదు. పిల్లలు ఒప్పుకొంటేనే జోడించడం కుదురుతుంది. ఆ ఒప్పందం కోసమైనా మాట్లాడుకోవాలి.

రాత్రి పదికి ఫోన్లన్నీ హాల్లో చార్జింగ్‌కు పెట్టండి, మీ ఫోనుతో సహా. ఇది ఇంటి నియమం, శిక్ష కాదు. సెలవు ముందు రాత్రి కొత్త ఎపిసోడ్ ఉంటే గంట సడలించండి. న్యాయంగా అనిపించే నియమానికి పిల్లలు కట్టుబడతారు.

ఒక మాట ఇవ్వండి. ‘ఎవరైనా ఇబ్బంది పెడితే, నువ్వే తప్పు చేసినా సరే, నాకు చెప్పు. చెప్పినందుకు తిట్టను, ఫోను లాక్కోను’. ఈ మాట మీద నిలబడటం మీకే కష్టం. ఒక్కసారి తప్పితే మళ్లీ చెప్పరు.

ఎప్పుడు సాయం కోరాలి?

ఫోను చూడగానే ‘వ్యసనం’ అనే ముద్ర వేయొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుగా గుర్తించింది గేమింగ్ డిజార్డర్‌ను. అదీ, అదుపు తప్పి, నష్టం జరుగుతున్నా మానలేక, సాధారణంగా ఏడాది పాటు కొనసాగితేనే. అభిమానుల కబుర్లు ఆ కోవలోకి రావు. కానీ నిద్ర, తిండి, బడి రెండు మూడు వారాలుగా దెబ్బతింటే, ఎదుటి స్నేహితులను పూర్తిగా వదిలేస్తే, మీరు రాగానే తెర దాచి బెదిరినట్లు చూస్తే, చెప్పని ఖర్చులో కానుకలో కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. పిల్లల వైద్యుడినో మానసిక నిపుణుడినో కలవండి. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో సాంకేతికతను ఆరోగ్యంగా వాడుకోవడం కోసమే ‘షట్’ క్లినిక్ ఉంది. టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. పిల్లలు చనిపోవాలన్న మాట అంటే ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

బెదిరింపు వచ్చిందా? డబ్బు పంపొద్దు, ఇంకో ఫొటో ఇవ్వొద్దు. సందేశాలు చెరిపేయొద్దు, అవే సాక్ష్యం. ఫొటోలను మాత్రం ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు. అవతలివాడి ఖాతా పేరు రాసిపెట్టుకుని, 1098 లేదా 1930కి ఫోన్ చేయండి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో పేరు చెప్పకుండానూ ఫిర్యాదు ఇవ్వొచ్చు. పిల్లల్ని లైంగికంగా వేధించడం పోక్సో చట్టం కింద నేరం. ఆ నేరం అవతలివాడిది, మీ బిడ్డది కాదు. ఆ రాత్రి మీ నోటి నుంచి రావాల్సిన మొదటి మాట ‘నాకు చెప్పి మంచిపని చేశావు’ అన్నదే.