టాక్సీ దిగాక సంగతేమిటి?

సంపాదకుల వారికి,

మెక్సికో స్కూబా యాత్రపై గత సంచికలో వచ్చిన వ్యాసం, సామాను ఎక్కువైతే కాన్‌కున్ విమానాశ్రయం నుంచి టాక్సీయే గతి అని తేల్చేసింది. కోజుమెల్ దీవికి వెళ్లేవారికి అది సగం దారే. ప్లాయా దెల్ కార్మెన్‌లో దిగి, 23 కిలోల సంచిని రేవు దాకా ఈడ్చి, ఫెర్రీ ఎక్కించి, అవతల మళ్లీ దించుకోవాలి. ఆ ఊరి దాకా విమానాశ్రయం నుంచే ఏడీఓ బస్సులున్నాయి. పెద్ద సంచులు కింది అరలో వేస్తారు.

కోజుమెల్‌కు సొంత విమానాశ్రయం ఉందన్న మాటే వ్యాసంలో లేదు!

సిలిండర్లు, సీసపు బరువులు ఎలాగూ అక్కడి డైవ్ షాపులే ఇస్తాయి. ఫిన్స్, జాకెట్ కూడా అద్దెకు తీసుకుంటే, రెగ్యులేటర్, మాస్కు, డైవ్ కంప్యూటర్ చేతిసంచిలో సర్దుకోవచ్చు. తిరుగు టికెట్ కొనేవారు మాత్రం, వరుస డైవ్‌ల తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కవద్దన్న డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సూచన మరవకూడదు.

— ఒక పాఠకుడు