ఆరోగ్య ప్రసంగము: థైరాయిడ్ వాపు, స్కానింగు పటము

మా పాఠకురాలగు నొక సోదరి తన మెడకు దీయించిన అల్ట్రాసౌండు నివేదికలో "గ్రంథి నల్లగా, గరుకుగా నున్నది" అను మాటలు చూచి, అది రాచపుండే యని తలంచి, పదునైదు దినములు ఇంటివారికి జెప్పక లోలోపల కుమిలిపోయితినని వ్రాసినది. ఇట్టి భయ మనేకులకు గలుగుచున్నది గావున ఈ నెల దీనిని గూర్చియే ముచ్చటింపదలచితిమి.

థైరాయిడ్ గ్రంథి కంఠము ముందుభాగమున, శ్వాసనాళము నంటి, సీతాకోకచిలుకవలె రెండు రెక్కలతో నుండును. మన చెవికి వినరాని ధ్వనిని దానిపైకి బంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనులను బట్టి యంత్రము పటము గీయును. ఆరోగ్యముగా నున్న గ్రంథిలో లెక్కకు మించిన చిన్న చిన్న కోశములుండి ప్రతిధ్వనిని బాగుగా నిచ్చును. కనుక నది పటములో చుట్టునున్న కండరములకంటె తెల్లగా గన్పట్టును. వాపు గలిగినప్పుడు రక్తములోని తెల్లకణములు గుంపులుగా జేరి యా కోశములను చెరచును. అప్పుడు ప్రతిధ్వని తగ్గి, గ్రంథి కండరములంత నల్లగానో, అంతకంటె నల్లగానో కనబడును. ఆ నలుపు వాపునకు గుర్తే కాని, అదియొక్కటే రాచపుండునకు గుర్తు గాదు. గ్రంథిలో గడ్డ యేదైన నున్నచో దాని యంచులను, ఆకారమును వైద్యులు వేరుగా బరీక్షింతురు.

ఈ వాపులలో ముఖ్యమైన దానిని 1912లో జపాను వైద్యుడు హకరు హషిమోతో మొదట వర్ణించెను. ఆయన వర్ణించిన నలుగురు రోగులును స్త్రీలే. నాడు గ్రంథిని గోసి తీసి సూక్ష్మదర్శినిక్రింద బెట్టినగాని తెలియని మార్పుయొక్క జాడను నేడు మెడపై కొంచెము జిగురు పూసి కొలది నిమిషములలో జూడవచ్చును. నొప్పి లేదు, ఉపవాస మక్కరలేదు. ఎక్స్ కిరణములు లేవు గనుక గర్భిణులును నిర్భయముగా దీయించుకొనవచ్చును.

అయితే పటము గ్రంథి రూపమును జూపునే కాని పనిని జూపదు. హార్మోను చాలినంత యున్నదో లేదో రక్తపరీక్షయే చెప్పవలెను. గ్రంథి నల్లగా నున్నను మందక్కరలేనివారు గలరు. మరి ప్రసవమైన కొన్ని మాసములకు ఈ వాపు వచ్చి, బాలెంత నీరసించి, దిగులుగా నుండగా, అది బద్ధకమని యింటిలోనివారే నిందించుటయు మేమెరుగుదుము. నిందకు ముందు ఆ చిన్న రక్తపరీక్ష చేయించరాదా?

మన సోదరి కా పరీక్షలో హార్మోను తక్కువగా నున్నదని తేలినదట. ఇప్పుడు వేకువనే పరగడుపున మాత్ర వేసికొనుచున్నది. కాఫీ కొక గంట కాచుకొనవలసి వచ్చుటయే తన కష్టమని మొన్నటి జాబులో వ్రాసినది.