గొంతుకు ఒక పేరుండాలి

హుగ్లీ తీరం నుండి



గత మాసంలో మా కోల్‌కతా కార్యాలయపు రిక్రియేషన్ క్లబ్బు కార్యవర్గం సమావేశమైంది. వార్షికోత్సవానికి ప్రారంభ గీతం ఎవరిచేత పాడించాలన్నది ఆనాటి చర్చనీయాంశం. తబలా, హార్మోనియం, కీబోర్డు వాయించే ముగ్గురు, ఇద్దరు గాయకులు, మొత్తం ఐదుగురు కళాకారుల పారితోషికానికి కొంత సొమ్ము కేటాయించడం ఏటా వస్తున్న ఆనవాయితీ. ఈసారి ఒక యువ అధికారి లేచి, "ఇక ఆ ఖర్చు అవసరం లేదండీ" అంటూ తన సెల్‌ఫోనులో ఒక పాట వినిపించాడు. క్లబ్బును గురించి తాను నాలుగు వాక్యాలు టైపు చేస్తే, కృత్రిమ మేధ నిమిషం తిరగకుండా సాహిత్యం, బాణీ, వాద్యగోష్ఠి, గానం అన్నీ సమకూర్చి పెట్టిందట. ఆ గళం అచ్చంగా మన బాలసుబ్రహ్మణ్యం గారి గళాన్ని పోలి ఉంది. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

చివరి వరుసలో కూర్చున్న ఒక విశ్రాంత సహోద్యోగి మాత్రం కొట్టలేదు. ముప్ఫై ఏళ్లపాటు మా క్లబ్బు వేదికపై తబలా వాయించిన బెంగాలీ పెద్దమనిషి ఆయన. చిన్నా పెద్దా అందరికీ ఆయన 'దాదా'. ఆయన అడిగింది ఒకే ఒక ప్రశ్న. "పాట బాగానే ఉంది. పాడినదెవరు?"

సమాధానం మాలో ఎవరి వద్దా లేదు. సమావేశం వాయిదా పడింది గాని, ఆ ప్రశ్న నన్ను విడిచిపెట్టలేదు. ఆలోచించిన కొద్దీ, ఈ ప్రశ్నకు ఈ నగరంతోనే ఎంతో పాత సంబంధం ఉన్నదని తోచింది. ఆ ఆలోచనలనే ఈ మాసం మీతో పంచుకుంటున్నాను.

గ్రామఫోను కంపెనీ పక్షాన ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ధ్వనిముద్రణ నిపుణుడు 1902లో కలకత్తాకు వచ్చాడు. ఆ సంవత్సరం నవంబరు మాసంలో, నాటి ప్రసిద్ధ గాయని గౌహర్‌జాన్ అతడు అమర్చిన కొమ్ము ఎదుట నిలబడి పాడింది. గంటల తరబడి విస్తరించగల రాగాన్ని దాదాపు మూడు నిమిషాలలోనికి కుదించి పాడవలసి వచ్చింది. పాట ముగియగానే ఆమె ఇంగ్లీషులో, "మై నేమ్ ఈజ్ గౌహర్‌జాన్" అని బిగ్గరగా పలికింది. అది ఆడంబరం కోసం కాదు. ఆ మైనపు ముద్రలు ఓడనెక్కి జర్మనీలోని హానోవర్ కర్మాగారానికి వెళ్లాలి. అక్కడివారికి మన భాష తెలియదు, మన గాయనీగాయకులు తెలియరు. ఏ రికార్డుపై ఎవరి పేరు అచ్చు వేయాలో తెలియడానికి చేసిన ఏర్పాటు అది. అయితే, ఆ చిన్న ఏర్పాటులోనే ఒక గొప్ప ధర్మం ఇమిడి ఉన్నదని నేడు అనిపిస్తున్నది. గళం యంత్రంలోనికి ప్రవేశించిన తొలి దినాలలోనే దాని వెంట పేరు కూడా ప్రవేశించింది.

తరువాతి కథ విజ్ఞులైన పాఠకులకు తెలిసినదే. 1908లో సియాల్దాలో రికార్డుల కర్మాగారం వెలిసింది. 1928లో దమ్‌దమ్‌కు తరలింది. 'హిజ్ మాస్టర్స్ వాయిస్' ముద్రతో దేశమంతటికీ పాట ఇక్కడి నుండే ప్రయాణం చేసింది. తెలుగువారికి ఈ నగరంతో గల సంగీతబంధం కూడా తక్కువది కాదు. 1934 నాటి 'లవకుశ' చిత్రాన్ని నిర్మించినది కలకత్తాకు చెందిన ఈస్ట్ ఇండియా ఫిల్మ్ కంపెనీయే. సాలూరి రాజేశ్వరరావు గారు యౌవనంలో ఇక్కడికి వచ్చి సైగల్, పంకజ్ మల్లిక్‌ల బాణీలను సమీపం నుండి విని, ఆ సౌకుమార్యాన్ని మన లలిత సంగీతానికి అందించారు. ఘంటసాల గారి భగవద్గీత ఆయన మరణానంతరం ఇంటింటా మారుమోగినది ఈ కంపెనీ రికార్డుల వల్లనే.

గ్రామఫోను వచ్చిన కొత్తలో పెద్ద విద్వాంసులు కొందరు దాని ఎదుట పాడటానికి వెనుకాడారు. యంత్రం సంగీతానికి మృత్యువని భయపడినవారున్నారు. ఆ భయం నిజం కాలేదు. అయితే యంత్రం సంగీతాన్ని తాకకుండా వదిలిందని చెప్పడమూ సత్యదూరమే. మన సినిమా పాట నేటికీ మూడు నాలుగు నిమిషాల చట్రంలో ఇమిడి ఉండటం ఆనాటి రికార్డు పలక చూపిన ప్రభావమే. యంత్రం ఎప్పుడూ పాట రూపాన్ని మారుస్తుంది. దానిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. విచారించవలసినది పాడినవాని స్థానం ఏమవుతున్నదన్న విషయం.

ఈ సందర్భంలో ఈ నగరం చెప్పే మరొక కథ ప్రస్తావనార్హం. మహాలయ అమావాస్య నాటి వేకువజామున ఆకాశవాణి 'మహిషాసురమర్దిని' ప్రసారం కానిదే బెంగాలీలకు దుర్గాపూజ మొదలు కాదు. 1930 దశకంలో ఆరంభమైన ఈ కార్యక్రమానికి రచన బాణీకుమార్‌ది, సంగీతం పంకజ్ మల్లిక్‌ది, చండీపఠనం బీరేంద్రకృష్ణ భద్రది. ఏళ్ల తరబడి కళాకారులు తెల్లవారకముందే స్టూడియోకు చేరి ప్రత్యక్షంగా పాడేవారు. ఆ పిమ్మట రికార్డు చేసిన ప్రతిని వినిపించడం మొదలయింది. శ్రోతలు ఆ మార్పును ఆమోదించారు. కాని, 1976లో భద్ర స్థానంలో వెండితెర వేలుపు ఉత్తమ్‌కుమార్ గళంతో కొత్త కార్యక్రమాన్ని ప్రసారం చేసేసరికి నగరం భగ్గుమన్నది. ఆకాశవాణి పాత కార్యక్రమాన్నే తిరిగి తేవలసి వచ్చింది. దీనివల్ల మనం గ్రహించవలసినదేమి? శ్రోత యంత్రాన్ని అంగీకరించగలడు. తాను ఎరిగిన మనిషిని తొలగించడాన్ని మాత్రం అంగీకరించలేడు.

శ్రోత ఇంతగా గౌరవించిన గాయకుని చట్టం చాలాకాలం గౌరవించలేదు. ఈ విషయంలోనూ కలకత్తాకు సంబంధం ఉంది. సినిమా సంగీతంపై హక్కులెవరివన్న వివాదం కలకత్తా హైకోర్టు మీదుగా సుప్రీంకోర్టుకు చేరింది. 1977లో వెలువడిన తీర్పు నిర్మాతల పక్షాన నిలిచింది. ఆ తీర్పుకు అనుబంధంగా జస్టిస్ కృష్ణయ్యర్ గారు, పాటకు ప్రాణం పోసే గాయకునికి మన కాపీరైటు చట్టంలో చోటు లేకపోవడం లోపమని, పార్లమెంటు దానిని పరిశీలించాలని సూచించారు. 1994 నాటి సవరణ ప్రదర్శకుల హక్కును గుర్తించింది. 2012 నాటి సవరణ ఆ హక్కును బలపరచి, రచయితకు, స్వరకర్తకు, గాయకునికి రాయల్టీలో వాటా కల్పించింది. ఆ సవరణలో చేరిన 38బి సెక్షను, తన గానానికి తన పేరు చెప్పమని అడిగే హక్కును కూడా గాయకునికి ప్రసాదించింది. గౌహర్‌జాన్ తన నోటితో చెప్పుకున్నది చట్టానికి ఎక్కడానికి 110 సంవత్సరాలు పట్టిందన్నమాట!

చట్టం సమకూరే నాటికి పాట రికార్డును, క్యాసెట్టును, సీడీని దాటి తంతిలేని ప్రవాహమైపోయింది. ఆ ప్రవాహానికే స్ట్రీమింగ్ అని పేరు. దీనివల్ల కలిగిన మేలును కాదనడం కృతఘ్నత. మారుమూల ప్రాజెక్టులో రాత్రి షిఫ్టు ముగించుకున్న మన సోదర ఉద్యోగి, కోరిన క్షణంలో బాలమురళి గారి కచేరీ వినగలుగుతున్నాడు. ఏ కంపెనీ అండా లేని కొత్త గాయని తన పాటను ప్రపంచం ముందుంచగలుగుతున్నది. మరుగునపడిన పాత రికార్డులకు కొత్త శ్రోతలు లభిస్తున్నారు.

అయితే, జమాఖర్చులు ఎరిగినవారం గనుక దీని లెక్కను కూడా పరిశీలిద్దాం. ఒక పాట వింటే ఇంత అని స్థిరమైన ధర ఏదీ లేదు. చందాలు, ప్రకటనల ద్వారా వచ్చిన ఆదాయంలో సంస్థ తన వాటా మినహాయించుకుని, తక్కినదాన్ని మొత్తం వినికిళ్ల నిష్పత్తిలో హక్కుదారులకు పంచడం ప్రధాన పద్ధతి. నేను మాసమంతా ఒకే వైణికుని వీణ విన్నా, నా చందా ఆయనకే చేరదు. ఉమ్మడి రాశిలో కలిసి, అధికంగా వినిపించే పాటలవైపే అత్యధిక భాగం ప్రవహిస్తుంది. పైగా స్పాటిఫైలో పాట 30 సెకన్లు వింటేనే ఒక వినికిడిగా లెక్క. పన్నెండు మాసాలలో 1,000 వినికిళ్లు రాని రికార్డింగుకు రాయల్టీ లేదని 2024 నుండి ఆ సంస్థ నియమం పెట్టింది. నాడు మూడు నిమిషాల పలక రాగాన్ని కుదించింది. నేడు ముప్ఫై సెకన్ల లెక్క పల్లవికి ముందుండే వాద్యగోష్ఠిని కుదిస్తున్నది. ఆలాపనకు ఓపిక పట్టే శ్రోత కోసం పాట రచించే ధైర్యం సన్నగిల్లుతున్నది.

ఇక కృత్రిమ మేధ. వేలాది రికార్డింగులలోని స్వర, లయ, గళ లక్షణాలను గణితరూపంలో అభ్యసించి, అడిగిన వెంటనే అటువంటిదే మరొకటి అల్లిపెట్టడం దాని పనితీరు. ఫ్రాన్సుకు చెందిన డీజర్ అనే స్ట్రీమింగ్ సంస్థ 2025 నవంబరులో ప్రకటించిన లెక్క ప్రకారం, ఆ వేదికకు అప్పట్లో దినానికి దాదాపు 50,000 యంత్రనిర్మిత పాటలు చేరుతుండేవి. అది అప్పట్లో వచ్చే కొత్త పాటలలో మూడోవంతు పైమాటే. ఆ సంస్థ ఎనిమిది దేశాలలో 9,000 మందిచేత జరిపించిన సర్వేలో, మనిషి పాటకూ యంత్రం పాటకూ తేడా పోల్చుకోలేనివారు నూటికి 97 మంది. మా కార్యవర్గం చప్పట్లు కొట్టడంలో వింత లేదు.

ఇక్కడే మన బాలు గారి ప్రసక్తి వస్తుంది. ఆయన 2020 సెప్టెంబరులో దివంగతులైనారు. 2023లో విడుదలైన 'కీడా కోలా' చిత్రంలో ఆయన గళాన్ని కృత్రిమ మేధతో పునఃసృష్టించారని, కుటుంబ అనుమతి తీసుకోలేదని పేర్కొంటూ కుమారుడు చరణ్ 2024 జనవరిలో న్యాయవాది ద్వారా నోటీసు పంపారు. ఇంచుమించు అదే సమయంలో ఎ.ఆర్. రెహ్మాన్ 'లాల్ సలామ్' చిత్రంలోని ఒక పాటకు కీర్తిశేషులైన బంబా బక్యా, షాహుల్ హమీద్‌ల గళాలను ఇదే విధంగా వినియోగించారు. ఆయన ముందుగా వారి కుటుంబాల అనుమతి పొంది, పారితోషికం చెల్లించినట్లు ప్రకటించారు. రెండు చోట్లా వినియోగమైనది ఒకే రకపు విద్య. తేడా అంతా అడగడంలోనే ఉన్నది.

జీవించి ఉన్నవారి స్థితి కూడా ఇదే. ముర్షిదాబాద్ జిల్లా జియాగంజ్ నుండి వచ్చి దేశాన్ని ఆకట్టుకున్న అరిజిత్ సింగ్, తన గళాన్ని అనుకరించే కృత్రిమ మేధ సాధనాలపై న్యాయస్థానాన్ని ఆశ్రయించాడు. అనుమతి లేకుండా ఒక గాయకుని గళాన్ని ఇలా మార్చి వాడుకోవడం అతని వ్యక్తిత్వ హక్కులకు భంగకరమని బొంబాయి హైకోర్టు 2024 జులైలో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. పేరుప్రతిష్ఠలు గలవారు కోర్టుకు వెళ్లగలరు. పేరు లేని ఒక కోరస్ గాయని, ఒక తబలా కళాకారుడు ఎక్కడికి వెళ్లాలి?

ఈ ప్రశ్నతోనే ఒక దృశ్యం నా కళ్లముందు మెదలుతుంది. ఏటా పూజకు ముందు సియాల్దా స్టేషను వెలుపల గ్రామాల నుండి వచ్చిన ఢాకీలు తమ ఢాక్ వాద్యాలతో బారులు తీరి వాయిస్తూ నిలబడతారు. పూజా సంఘాలవారు వచ్చి, విని, బేరమాడి తీసుకువెళతారు. ఢాక్ మోత రికార్డులో దొరకక కాదు, క్యాసెట్టు కాలం నుండీ దొరుకుతూనే ఉన్నది. అయినా అమ్మవారి ఎదుట ఒక మనిషి నిలబడి వాయించాలన్న పట్టుదల ఉన్న సంఘాలు ఇంకా ఉన్నాయి. ఆ పట్టుదల ఉన్నంతకాలమే ఆ బారులలో నిలిచినవారి ఇళ్లలో పూజ జరుగుతుంది. కళాకారుని భవిష్యత్తును నిర్ణయించేది యంత్రం ఒక్కటే కాదు, పారితోషికం చెల్లించే మనబోటి చిన్న చిన్న సంఘాలు కూడానని నాకు బోధపడింది.

వాయిదా పడిన సమావేశం మరల జరిగింది. నేను చప్పట్లు కొట్టినందుకు ముందుగా దాదాకు క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన నవ్వి, "బాణీ చెడ్డది కాదు బాబూ, ఉంచండి. తాళం నేను చూసుకుంటాను" అన్నారు. యువ అధికారి కూడా నొచ్చుకోలేదు. బాలు గారి గళాన్ని పోలిన ఆ రికార్డును తానే తొలగించాడు. యంత్రం అందించిన బాణీని చిత్తుప్రతిగా మాత్రమే స్వీకరించి, సాహిత్యాన్ని మేమే దిద్దుకుని, ఎప్పటివలె ఐదుగురు కళాకారులనే పిలవాలని నిర్ణయించాం. కేటాయింపులో ఒక్క రూపాయి కూడా తగ్గించలేదు.

మరొక తీర్మానం కూడా చేశాం. పాట ముగిసిన పిదప పాడినవారి, వాయించినవారి, వ్రాసినవారి పేర్లు వేదికపై చదవాలి. యంత్రం సాయం ఎంతవరకు తీసుకున్నామో అదీ దాచకుండా చెప్పాలి. మన ఇతర యూనిట్లలోని క్లబ్బులు కూడా ఈ పద్ధతిని పరిశీలించవలసిందిగా సవినయంగా కోరుతున్నాను. దీనికి అదనపు నిధులు అవసరం లేదు, పై కార్యాలయం మంజూరు అంతకన్నా అవసరం లేదు. ముందుగా అడగడం, తగిన ప్రతిఫలం చెల్లించడం, పేరు చెప్పడం అనే మూడు మర్యాదలు పాటిస్తే చాలు.

వార్షికోత్సవం నాడు ఆ పేర్లు చదివే బాధ్యత నాకు అప్పగించారు. మొదట చదవబోయేది దాదా పేరు. ముప్ఫై ఏళ్లు మా వేదికపై వాయించిన ఆయన పేరు మైకులో ఒక్కసారి కూడా వినబడలేదని ఆ రోజే గ్రహించాం.